ఆ టిక్కు ఏ కుప్పది?

"తమ్మీ, ఈ కుప్ప ఇంకా జోకనేలేదు. నీ లిస్టుల చూస్తే కాంటా అయినట్టు టిక్కుంది. ఎట్లయితది?"

పోయిన యాసంగిలో ఒక సాయంత్రం వచ్చిన ఫోన్ ఇది. నల్గొండ నుంచి మిర్యాలగూడ పోయే దారిలో ఒక ఊళ్లో, మహిళా సంఘం తరఫున వడ్ల కొనుగోలు కేంద్రం నడిపే అక్క చేసింది. రైతులు ట్రాక్టర్లలో వడ్లు తెచ్చి అక్కడ కుప్ప పోస్తారు, ఆరబెడతారు. తేమ 17 శాతానికి దిగితే కాంటా పెడతారు, సంచులకెత్తి లారీలో మిల్లుకు పంపుతారు. ఎవరు ఎప్పుడు పోశారు, తేమ ఎంత వచ్చింది, కాంటా అయిందా లేదా అని అక్క ఒక పెద్ద నోటుబుక్కులో రాసుకునేది. అదే ఫోన్లో చూసుకునేలా ఒక చిన్న వెబ్ పేజీ చేసి ఇచ్చింది నేను. పేరు, ఊరు, పోసిన తేదీ, తేమ, ఆ పక్కన ఒక చెక్‌బాక్స్. కాంటా అయితే టిక్కు పెట్టాలి, అంతే.

"నెట్ స్లో ఉండి ఉంటది అక్కా, ఒకసారి రీఫ్రెష్ కొట్టు" అన్నాను. ఆమె కొట్టింది. "ఇప్పుడు మంచిగనే ఉంది" అంది. నేను ఇంట్లో నా లాప్‌టాప్‌లో పేజీ తెరిచి చూశాను, అక్కడా బాగానే ఉంది. వదిలేశాను. అలా వదిలేసినందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఈ వ్యాసం రాయడానికి సగం కారణం అదే.

నాలుగు రోజుల తర్వాత మబ్బు పట్టింది. యాసంగి కొనుగోళ్లప్పుడు మబ్బు పడితే కేంద్రంలో ఎంత టెన్షన్ ఉంటుందో చూసినవాళ్లకే తెలుసు. ఆరిన కుప్పలు ముందు కాంటా పెట్టేయాలని అక్క 'తేమ' అనే బటన్ నొక్కింది. తక్కువ తేమ ఉన్నవాళ్ల పేర్లు పైకి వచ్చాయి. పైన రెండో పేరు ఒక పెద్దాయనది. దాని పక్కన టిక్కుంది. ఆయన కుప్ప ఆమె కళ్లముందే ఉంది, ఒక్క సంచి కూడా నిండలేదు. ఈసారి నాకు ఫోన్ చేయలేదు. తప్పు టిక్కు కదా అని తనే తీసేసింది. తెర మీద టిక్కు పోయింది. ఎవరున్నా అదే చేస్తారు.

రాత్రి ఇంకో ఫోన్లో మర్నాటి సీరియల్ రాసుకునే పిల్లవాడు పేజీ తెరిచాడు. అందులో ఆ పెద్దాయన పేరు దగ్గర 'కాంటా అయింది' అని ఉంది. పొద్దున హమాలీలు ఆయన్ను దాటి పక్క కుప్పకు పోయారు. ఆయన, "నా సీరియల్ ఎప్పుడు బిడ్డా?" అని అడిగితే, "లిస్టుల అయిపోయినట్టుంది తాతా, అక్క వచ్చినాక అడుగుదాం" అన్నారు. మధ్యాహ్నం దాటాక వాన పడింది. పట్టా కప్పాడు గానీ నీళ్లు కింది నుంచి పోయాయి. అంచంతా తడిసింది. మళ్లీ పరిచి, ఆరబెట్టి, తేమ దించడానికి ఇంకో మూడు రోజులు ఆయన అక్కడే పడుకున్నాడు.

శనివారం నేను పోయి అక్క పక్కన నిలబడి చూశాను. ఆమె బొటనవేలితో 'తేమ' నొక్కింది. పేర్లు కదిలాయి, ఊర్లు కదిలాయి, తేమ అంకెలు కదిలాయి. టిక్కులు మాత్రం కదల్లేదు. మొదటి వరుస, మూడో వరుస, నాలుగో వరుస — ఎక్కడున్నవి అక్కడే. కింది నుంచి కొత్త పేర్లు వచ్చి ఆ టిక్కుల పక్కన నిలబడ్డాయి.

ఇది వెబ్ పేజీలు రాసేవాళ్లలో చాలామందికి కనీసం ఒక్కసారైనా తగిలే బగ్గు. తగిలినప్పుడు దాన్ని చిన్నదిగా చూస్తారు. నేనూ అలాగే చూశాను. అది చిన్నది కాదని, దాన్ని సరిచేయడానికి ఎక్కువమంది పట్టుకునే దారులు కూడా సరైనవి కావని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను.

మా వైపు యూరియా కోసం లైను కట్టడం చూసినవాళ్లకు ఈ బగ్గు తేలిగ్గా అర్థమవుతుంది. ఎండలో నిలబడలేక రైతులు లైన్లో చెప్పులు పెట్టి చెట్టు నీడకు పోతారు. కొందరు పట్టాదారు పాస్‌బుక్కు పెట్టి మీద రాయి పెడతారు. దుకాణం ఆయన "లైన్లో మూడోవాడికి రెండు బస్తాలు" అని రాసుకున్నాడనుకోండి. ఈలోపు ఎవరో లైను సర్దారు. మూడో చోట ఇప్పుడు వేరే చెప్పులున్నాయి. బస్తాలు వాళ్లకు పోతాయి. అదే పాస్‌బుక్కు మీదున్న నంబరు రాసుకుని ఉంటే లైను ఎన్నిసార్లు సర్దినా బస్తాలు ఆ మనిషికే అందుతాయి.

నా పేజీ రియాక్ట్‌లో రాసింది, అది వెబ్ పేజీలు కట్టడానికి వాడే ఒక సాధనం. జాబితా గీసేటప్పుడు ప్రతి వరుసకూ ఒక 'కీ', అంటే దాన్ని గుర్తుపట్టే ఆనవాలు, ఇవ్వమని రియాక్ట్ అడుగుతుంది. ఇవ్వకపోతే కన్సోల్‌లో (బ్రౌజర్ తప్పులు చూపించే చోట) హెచ్చరిక వస్తుంది, కీ లేనప్పుడు అది వరుస క్రమాన్నే గుర్తుగా తీసుకుంటుంది. ఎర్రటి అక్షరాలు చూడలేక మనలో చాలామంది చేసే పని, మ్యాప్ ఫంక్షన్ ఇచ్చే ఇండెక్స్‌నే, అంటే వరుస సంఖ్యనే, కీగా పెట్టేయడం: సున్నా, ఒకటి, రెండు, మూడు. హెచ్చరిక పోతుంది. కానీ కీ ఇవ్వనప్పుడు రియాక్ట్ తనంతట తాను చేసే పనినే మనం మన చేత్తో రాశాం. జబ్బు అలాగే ఉంది, జ్వరం చూపించే థర్మామీటరు మాత్రం పగలగొట్టాం.

లోపల జరిగేది ఇది. జాబితా మళ్లీ గీయాల్సి వచ్చినప్పుడు రియాక్ట్ పాత జాబితాను, కొత్త జాబితాను పక్కపక్కన పెట్టుకుంటుంది. పాతదాంట్లో కీ సున్నా ఉంది, కొత్తదాంట్లోనూ కీ సున్నా ఉంది, అంటే ఇద్దరూ ఒకరే అనుకుంటుంది. ఆ వరుసను కూల్చి కొత్తది కట్టదు, కొత్త పేరు, కొత్త తేమ లోపలికి పంపి సరిపెడుతుంది. వరుస తన లోపల దాచుకున్నది మాత్రం అలాగే ఉంటుంది. నేను టిక్కును ఆ వరుసను గీసే కోడ్ ముక్క (కాంపోనెంట్) లోపలే, దాని సొంత జ్ఞాపకం లాంటి 'స్టేట్'లో, యూజ్‌స్టేట్‌తో దాచాను. అందుకే పేరు మారింది, టిక్కు నిలిచిపోయింది. రియాక్ట్ తప్పేమీ చేయలేదు. వీళ్లిద్దరూ ఒకరేనని దానికి చెప్పింది నేనే.

రియాక్ట్ లాంటి వేరే ఫ్రేమ్‌వర్క్ (వ్యూ, స్వెల్ట్, ఆంగ్యులర్) వాడితే తప్పించుకోవచ్చు అనుకోకండి. వ్యూలో కీ ఇవ్వకపోతే అది ఉన్న వరుసలను కదపకుండా ఉన్నచోటే సర్దుతుంది. ఫారం ఇన్‌పుట్‌ల లాంటివి ఉన్న జాబితాలకు ఆ పద్ధతి పనికిరాదని వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. స్వెల్ట్‌లో కీ లేని ఈచ్ బ్లాక్ (జాబితా గీసే ముక్క) కూడా అంతే, పైవరుస తీసేసినా అది చివరి వరుసనే తీసి మిగతావాటికి కొత్త విలువలు పంపుతుంది. ఆంగ్యులర్ వాళ్లు 2023 నవంబరులో వచ్చిన 17వ వెర్షన్‌లో కొత్త ఫర్ బ్లాక్ పెట్టి, అందులో 'ట్రాక్' తప్పనిసరి చేశారు. మంచి పని. కాకపోతే అక్కడ కూడా డాలర్ ఇండెక్స్ (వరుస సంఖ్య) అని రాస్తే ఒప్పుకుంటుంది, రాసేవాళ్లు రాస్తూనే ఉన్నారు. ఆండ్రాయిడ్‌లో జాబితాలు చూపించే రీసైక్లర్‌వ్యూ వాడినవాళ్లకు ఇదే బగ్గు స్క్రోల్ చేసినప్పుడు కనిపిస్తుంది. పైకి పోయిన వరుసనే తెచ్చి కింద వేరే పేరుతో వాడుతుంది కాబట్టి, టిక్కు తుడిచి మళ్లీ పెట్టకపోతే పాత టిక్కే దానితో వస్తుంది.

ఏ ఫ్రేమ్‌వర్కూ లేకుండా మామూలు జావాస్క్రిప్ట్‌తో రాసినప్పుడు నిజానికి ఈ ఒక్క విషయంలో సుఖం. ఉన్న వరుసనే ఎత్తి ఇన్సర్ట్‌బిఫోర్‌తో ఇంకోచోట పెడితే టిక్కు కూడా దానితోపాటే వస్తుంది. ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్, అంటే జాబితా లోపలి రాతంతా, తుడిచి మళ్లీ రాస్తే మాత్రం అప్పటిదాకా వేలితో పెట్టిన టిక్కులన్నీ పోతాయి. ఎందుకంటే హెచ్‌టీఎంఎల్‌లో రాసే 'చెక్డ్' మొదట ఎలా కనిపించాలో మాత్రమే చెబుతుంది, తర్వాత మనిషి వేలు పెట్టి మార్చిన సంగతి అందులో ఉండదు. ఫైర్‌ఫాక్స్‌ది ఇంకో సంగతి. మామూలుగా రీలోడ్ చేస్తే అది పాత టిక్కులు గుర్తుపెట్టుకుని మళ్లీ పెడుతుంది. ఈలోపు సర్వర్ నుంచి వరుస మారి వస్తే గందరగోళమే. ఫారానికి ఆటోకంప్లీట్ ఆఫ్ అని పెడితే ఆ అలవాటు మానుతుంది.

పాలమూరు మిత్రుడు ఒకతను దీని పాత రూపం చూపించాడు. పీహెచ్‌పీలో రాసిన హాజరు పేజీ. ప్రతి విద్యార్థికీ దాచిన రోల్ నంబరు ఒకటి, పక్కన చెక్‌బాక్స్ ఒకటి, రెండూ వేర్వేరు అర్రేలుగా (వరుస జాబితాలుగా) సర్వర్‌కు పోతాయి. టిక్కు లేని చెక్‌బాక్స్‌ను బ్రౌజర్ అసలు పంపదు. రెండోవాడు రాకపోతే మూడోవాడి టిక్కు జరిగి రెండోవాడి ఖాతాలో పడుతుంది. వాళ్లు దీన్ని చాలాకాలం పిల్లల ప్రాక్సీ గొడవ అనుకున్నారట. చెక్‌బాక్స్ విలువగా '1' కాకుండా ఆ రోల్ నంబరునే పెట్టడంతో తీరిపోయింది.

ఇక సరిచేసే దారులు. ముందుగా చేయకూడనివి చెబుతాను, ఎందుకంటే అడిగితే ఎక్కువగా దొరికే సలహాలు అవే.

ప్రతిసారీ కొత్త కీ పుట్టించమంటారు, మ్యాథ్ ర్యాండమ్‌తో, అంటే అప్పటికప్పుడు పుట్టే ఏదో ఒక సంఖ్యతో. అప్పుడు తప్పు టిక్కు నిజంగానే పోతుంది, ఒప్పు టిక్కు కూడా దానితోపాటే పోతుంది. జాబితా గీసిన ప్రతిసారీ వరుసలన్నీ కూలి కొత్తగా పుడతాయి. పక్కన తేమ టైపు చేసే పెట్టె ఉంటే ఒక్కో అంకెకు కీబోర్డు మూసుకుపోతుంది. ఇంకొందరు సార్టింగ్ బటన్ తీసేయమంటారు. మబ్బు పట్టిన సాయంత్రం అక్కకు కావాల్సింది ఆ బటనే. రీఫ్రెష్ కొట్టించడం గురించి ముందే చెప్పాను.

పేరును కీగా పెట్టడం కొంచెం తెలివైన తప్పు. మా వైపు ఏ ఊళ్లో చూసినా నలుగురు యాదయ్యలుంటారు, యాదగిరిగుట్ట నర్సింహస్వామి పేరు పెట్టుకోని ఇల్లు తక్కువ. ఫోన్ నంబరు పెడదామా అంటే తండ్రి, చిన్నాయన, మేనమామ ముగ్గురికీ హైదరాబాద్‌లో ఉండే ఒకే కొడుకు నంబరు రాసి ఉంటుంది. కీలు రెండు ఒకటే అయితే రియాక్ట్ మళ్లీ హెచ్చరిస్తుంది, వరుసలు రెండుసార్లు రావచ్చు, మాయం కావచ్చు.

అప్పుడు నేను పట్టాదారు పాస్‌బుక్కు నంబరు పెడదామన్నాను. లైన్లో చెప్పుల కంటే పాస్‌బుక్కు నయం అని ఇందాక నేనే కదా చెప్పింది. అక్క ఒప్పుకోలేదు. "ఒక్క పాస్‌బుక్కు మీద రెండు కుప్పలు పోస్తరు తమ్మీ. ఒకటి ఆరుతది, ఒకటి ఆరది. మళ్ల కౌలుకు చేసేటాయన వడ్లు పోస్తే పాస్‌బుక్కు ఎవరిది పెడతవు?" అంది. నిజమే. భూమి ఒకరి పేరు మీద ఉంటుంది, సాగు ఇంకొకరు చేస్తారు, ఇద్దరివీ కలిపి ఒకే నంబరు కింద రెండు కుప్పలు ఉండొచ్చు.

అప్పటిదాకా నేను ఆ జాబితాను రైతుల జాబితా అనుకున్నాను. తెర మీద మొదటి గడిలో పేరుంది కాబట్టి అలా అనిపించింది. అది కుప్పల జాబితా. కాంటా అయ్యేది కుప్ప, మనిషి కాదు. టిక్కు కుప్పది. ఇది అక్క నోటుబుక్కులో మొదటి నుంచీ ఉంది. ప్రతి కుప్పకూ పోసిన రోజు ఒక నంబరు వేసేది, ఆ నంబరు చీటీ మీద రాసి రైతు చేతికిచ్చేది. నేను పేజీ చేసేటప్పుడు ఆ గడి అనవసరం అనుకుని తీసేశాను, తెర ఇరుకవుతుందని.

అందుకే సరిచేయడం కోడ్‌తో మొదలుపెట్టకండి అని నా వాదన. ముందు పేజీ వాడే మనిషిని అడగాలి: ఈ టిక్కు దేనికి పెడుతున్నారు? ఆ వస్తువుకు పుట్టినప్పుడే ఒక నంబరు పడాలి, అది చచ్చేదాకా మారకూడదు, ఇంకొకదానికి ఇవ్వకూడదు. డేటాబేస్‌లో చేర్చినప్పుడు వచ్చే ఐడీ దీనికి సరిపోతుంది. నెట్ లేనప్పుడు ఫోన్లోనే వరుస చేర్చాల్సి వస్తే, చేర్చే క్షణంలో ఒక యూయూఐడీ (ఇంకోదానితో కలవని పొడవాటి గుర్తు) పుట్టించి ఆ రికార్డుతోపాటు దాచాలి. గీసే క్షణంలో పుట్టించకూడదు. తేడా చిన్నగా కనిపిస్తుంది, అసలంతా అక్కడే ఉంది.

కుప్ప నంబరు కీగా పెట్టగానే టిక్కులు పేర్లతోపాటు కదిలాయి. అక్కడితో ఆపేయొచ్చు, చాలామంది ఆపేస్తారు. నేను ఆపకపోవడానికి కారణం ఉంది. టిక్కు ఇంకా వరుస లోపలే ఉంది. 'మిగిలినవి మాత్రమే చూపించు' అని ఫిల్టర్ పెడితే కొన్ని వరుసలు తెర మీద నుంచి పోతాయి, వాటితోపాటు లోపల దాచుకున్న స్టేట్ కూడా పోతుంది. ఫిల్టర్ తీస్తే వరుస మళ్లీ పుడుతుంది, పేజీ తెరిచినప్పుడు వచ్చిన పాత విలువతో. అందుకని టిక్కులను వరుసల్లోంచి తీసి పైన ఒకేచోట పెట్టాను. కాంటా అయిన కుప్పల నంబర్లన్నీ ఒక సెట్‌లో ఉంటాయి. ప్రతి చెక్‌బాక్స్ తన కుప్ప నంబరు ఆ సెట్‌లో ఉందా అని చూసుకుని 'చెక్డ్' తెచ్చుకుంటుంది. 'డీఫాల్ట్‌చెక్డ్' వాడటం మానేశాను. అది మొదటిసారి విలువ పెట్టి చేతులు దులుపుకుంటుంది. పక్కనుండే లేబుల్‌కు ఇచ్చే ఐడీలో కూడా వరుస సంఖ్య బదులు కుప్ప నంబరే పెట్టాను.

తెర మీది తప్పు డేటాబేస్‌లోకి ఎలా పోయిందో ఇంకా చెప్పలేదు. అది అన్నిటికంటే పెద్ద తప్పు. చెక్‌బాక్స్ నొక్కితే నా పేజీ సర్వర్‌కు కుప్ప ఐడీ పంపి "తిప్పు" అనేది. టిక్కుంటే తీసేయి, లేకపోతే పెట్టు. తెర, సర్వర్ ఒకే మాట మీద ఉన్నంతకాలం ఇది పనిచేస్తుంది. ఆ సాయంత్రం తెర మీద పెద్దాయన పేరు దగ్గర టిక్కుంది, సర్వర్‌లో లేదు. అక్క టిక్కు తీసింది. సర్వర్‌కు "తిప్పు" అని పోయింది. అది తిప్పింది, లేని టిక్కు పెట్టింది. తప్పు చూసి సరిదిద్దిన మనిషి చేతులతోనే తప్పు పుస్తకంలోకి ఎక్కింది. ఆమె పట్టించుకోకుండా వదిలేసి ఉంటే, రీఫ్రెష్‌తో అంతా సర్దుకునేది, ఆ కుప్ప పొద్దున్నే కాంటా అయ్యేది. జాగ్రత్తగా ఉన్నందుకు నష్టం జరిగే పేజీ ఎవరి చేతికీ ఇవ్వకూడదు.

ఇప్పుడు పేజీ తిప్పమని అడగదు. 'ఈ నంబరు కుప్పకు కాంటా కాలేదు' అని పూర్తి మాట పంపుతుంది. అదే మాట రెండుసార్లు పోయినా, నెట్ ఆగి ఆలస్యంగా మళ్లీ ప్రయత్నించినా, ఫలితం మారదు. టోగుల్ (తిప్పు) అనే పేరుతో సర్వర్‌లో ఒక దారి ఉంటే ఈరోజే తీసేయమని చెబుతాను.

ఇండెక్స్ కీ ఎక్కడా వాడొద్దా అని ఒకరిద్దరు అడిగారు. ఉమ్మడి నల్గొండ మండలాల పేర్లు చూపించే డ్రాప్‌డౌన్‌లో వాడండి, ఏమీ కాదు. లోపల స్టేట్ లేదు, వరుస మారదు. కానీ చెక్‌బాక్స్ ఉన్న జాబితా విషయంలో "ఇది ఎప్పటికీ మారదు" అనే మాట నేను నమ్మను. టిక్కు పెట్టేది పని జరుగుతోందని. పని జరిగే జాబితాలో రేపోమాపో ఎవరో ఒకరు సార్టింగ్ అడుగుతారు, వెతికే పెట్టె అడుగుతారు, పొరపాటున ఎక్కిన పేరు తీసేయమంటారు. పై నుంచి ఒక్క పేరు తీసేస్తే చాలు, కింద టిక్కులన్నీ ఒక మెట్టు జరిగిపోతాయి.

పరీక్షించడం సులువు, అయినా ఎవరూ చేయరు. డెమో చూపించేటప్పుడు టిక్కు పెడతాం, టిక్కు పడింది, బాగుంది అంటాం. నేను ఇప్పుడు నాలుగు వరుసల జాబితా పెట్టుకుంటాను, అందులో ఇద్దరి పేరు కావాలనే ఒకటే ఉంటుంది. రెండోదానికి టిక్కు పెట్టి సార్ట్ చేస్తాను. తిరగేసి సార్ట్ చేస్తాను. మొదటిది తీసేస్తాను. ఫిల్టర్ పెట్టి తీస్తాను. ప్రతిసారీ టిక్కు ఎన్నో వరుసలో ఉందో చూడను, ఏ నంబరు పక్కన ఉందో చూస్తాను. ఆటోమేటిక్ టెస్ట్ రాసేటప్పుడు కూడా 'రెండో చెక్‌బాక్స్' అని వెతికితే టెస్టుకు కూడా అదే జబ్బు అంటుకుంటుంది. కుప్ప నంబరున్న లేబుల్‌తో వెతకాలి.

ఇంకో చిన్న సంగతి అక్క పక్కన నిలబడితేనే తెలిసింది. టిక్కు పెట్టగానే ఆ వరుస కిందికి జరిగేలా చేశాను, నాకది ముద్దొచ్చింది. ఆమె వెంటవెంటనే రెండు టిక్కులు పెట్టబోయేసరికి కింది పేరు వేలి కిందికి వచ్చేసింది. రెండో టిక్కు దానికి పడింది. ఇక్కడ కీ సరిగ్గానే ఉంది, స్టేట్ సరిగ్గానే ఉంది, మనిషికి జరిగింది మాత్రం అదే తప్పు. ఇప్పుడు టిక్కు పెట్టినా వరుస కదలదు. 'అయినవి కిందికి' అని ఆమె నొక్కితేనే కదులుతుంది. కుప్ప నంబరు గడి మళ్లీ మొదట్లోకి వచ్చింది, పేరు కంటే పెద్ద అక్షరాల్లో.

ఒకటి మిగిలి ఉంది. అక్క ఫోన్లో టిక్కు తీస్తుంటే, అదే నిమిషంలో ఆ పిల్లవాడు తన ఫోన్లో అదే కుప్పకు టిక్కు పెడితే ఎవరి మాట నిలవాలి? చివరగా వచ్చినదే నిలుస్తోంది ఇప్పటికి. ప్రతి కుప్పకూ ఒక వెర్షన్ సంఖ్య పెట్టి, పాత సంఖ్యతో వచ్చిన మార్పును సర్వర్ ఒప్పుకోకుండా ఇద్దరికీ చూపించేలా రాస్తున్నాను. వానాకాలం వడ్లు వచ్చేలోపు అయిపోవాలి.